మన బండ, మన కంది, మన పనితనము

(అనంతగిరి ప్రాంత గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)

  

ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయకుండ నిలుచుట సామాన్య విషయము కాదు. దీనిని నడపిన పెద్దలకును, చందాలు చెల్లించిన మీకందరికిని ముందుగా నా అభినందనములు తెలుపుకొనుచున్నాను. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరిన విషయము ప్రపంచ వాణిజ్యములో పనివాని నైపుణ్యమునకు గల స్థానము. పేరు పెద్దది. వినగానే ఇది పట్టణములలోని పండితుల గొడవ అని కొందరు లేచిపోవచ్చును. దయచేసి కూర్చుండుడు. నేను చెప్పబోవునది మన తాండూరు బండను గూర్చియు, మన కందిపప్పును గూర్చియు మాత్రమే.

ఆర్థికశాస్త్రజ్ఞులు నేడు 'విలువల గొలుసు' అను మాటను విరివిగా వాడుచున్నారు. ఒక వస్తువు నేలలో పుట్టినది మొదలు వాడుకొనువాని యింటికి చేరువరకు ఎన్నో చేతులు మారును. ప్రతి చేతియందును దానికి కొంత విలువ కలియును. ఆ చేతులన్నియు ఒక్క ఊరిలో నున్నచో మనము దానిని సంత యందుము. అవి పలు దేశములలో నున్నచో శాస్త్రజ్ఞులు దానిని ప్రపంచ విలువల గొలుసు అందురు. 2019 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వెలువరించిన అభివృద్ధి నివేదిక అంతయు ఈ విషయమును గూర్చినదే. ప్రపంచ వాణిజ్యములో సుమారు సగము ఇట్టి గొలుసులద్వారా నడచుచున్నదని అందు వ్రాసిరి. ఆ నివేదిక దేశములను నాలుగు మెట్లపై నిలిపినది. ముడిసరకు అమ్మువారు అడుగు మెట్టు. కొద్దిపాటి తయారీ చేయువారు దానిపై మెట్టు. ఉన్నతమైన తయారీయు సేవలును చేయువారు మూడవది. క్రొత్త పద్ధతులను కనిపెట్టువారు పై మెట్టు. దేశముల సంగతి ఢిల్లీవారు చూచుకొందురు. ఈ మెట్లలో తాండూరు గని ఎచ్చట నున్నది, తాండూరు గంజ్ ఎచ్చట నున్నది అని మనము చూతము.

మన అనంతగిరి గుట్టలలో మూసీనది పుట్టి తూర్పుగా హైదరాబాదునకు పోవుచున్నది. గుట్టలకు పడమటగా పోయినచో నేల స్వభావము మారును. తాండూరు, బషీరాబాదు ప్రాంతమున నల్లరేగడి క్రింద పొరలు పొరలుగా సున్నపురాయి యున్నది. చేపలైనను పుట్టని అతి ప్రాచీన కాలమున లోతులేని సముద్రపు అడుగున పేరుకొన్న ఒండ్రు ఇది. 1876లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున ఈ పొరలను భీమా శ్రేణి యని పేర్కొనెను. ఈ రాయి కన్నడ దేశమున షాబాదు వరకును వ్యాపించి యున్నందున హైదరాబాదు వారు మన బండలను కూడ షాబాదు బండలనియే పిలుచుట కలదు. పేరు పోయినచో విలువలో కొంత భాగము పోవునను మాటకు ఇది మొదటి ఉదాహరణము.

1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గము తెరవబడెను. తాండూరును, వికారాబాదును ఆ మార్గము మీదనే యున్నవి. వాడివద్ద ఆ మార్గము బొంబాయి, మద్రాసుల పెద్ద మార్గముతో కలిసినది. బండవంటి బరువైన సరకునకు రైలు ప్రాణము వంటిది. రైలు లేని చోట అంతకన్న మేలైన రాయి యున్నను అది చేనిగట్టునకే ఉపయోగించును.

ఇక పనితనము సంగతి. బండను చీల్చువానిని మీలో ననేకులు చూచియుందురు. మరికొందరు స్వయముగా ఆ పని చేసినవారే. అతడు మొదట పరుపును చేతితో తడవి చూచును. సుత్తెతో కొట్టి చెవియొగ్గి వినును. కంగున మ్రోగినచో బండ గట్టిది. బొద్దుగా పలికినచో లోపల నెఱ్ఱె యున్నదని అర్థము. పిమ్మట పొర గీత పట్టుకొని ఉలులు వరుసగా దింపుచు, ఒక్కొక్కదానిపై సమానమైన దెబ్బ వేయుచు పోవును. దెబ్బలలో హెచ్చుతగ్గు వచ్చినచో బండ అడ్డముగా విరుగును. అది విరిగినచో అతని కూలియు విరుగును. తెలుగునాట రాతిపనికి వడ్డెర సోదరులు పేరెన్నికగన్నవారు. వారి నేర్పు ఏ పాఠశాలలోను చెప్పబడలేదు, ఏ పుస్తకములోను వ్రాయబడలేదు. తండ్రి ప్రక్కన నిలిచి చెవితో నేర్చుకొన్న విద్య యది.

ఇంతటి నేర్పరి గొలుసులో అడుగు మెట్టున ఎందుకున్నాడు? దీనికి సమాధానము బండ మందములో నున్నది. మన ఊళ్లలో ఇంటిలో బండలు పరచునపుడు ఒక బండ వ్రేలెడు మందము, మరియొక బండ వ్రేలున్నర మందము ఉన్నను మేస్త్రీ క్రింద సున్నమో సిమెంటో హెచ్చుతగ్గులుగా వేసి పైభాగమును సరిచేయును. మేస్త్రీ కూలి మనకు భరింపరానిది కాదు కనుక ఈ పద్ధతి సాగుచున్నది. ఇంగ్లండులో పెరళ్లయందును, నడవలయందును పరచుటకు మన రాతిని 'తాండూర్ యెల్లో', 'తాండూర్ బ్లూ' అను మన ఊరి పేరుతోనే అమ్ముదురు. అచ్చట మేస్త్రీ గంటకు తీసికొను కూలి మిక్కిలి హెచ్చు. అతడు ప్రతి బండక్రింద సిమెంటు ఎత్తుదించుచు కూర్చున్నచో బండ వెలకన్న కూలి హెచ్చగును. అందువలన అచ్చటి వర్తకుడు బండలన్నియు ఒకే మందమున, సాధారణముగా 22 మిల్లీమీటర్లకు, అడుగుభాగము కోసి సరిచేయబడి యుండవలెనని కోరును. దీనికి క్యాలిబ్రేషన్ అని పేరు. రాయి నీరు ఎంత పీల్చును, మంచు పడి గడ్డకట్టినపుడు పగులునా, తడిసినపుడు కాలు జారునా అను ప్రశ్నలకు సమాధానములను కూడ వ్రాతమూలకముగా అడుగును. ఐరోపావారు ఆరుబయట పరచు రాతిపలకలకు ఈ.ఎన్. 1341 అను ప్రమాణమును ఏర్పరచుకొన్నారు.

ఇందులో ఆకాశమునుండి ఊడిపడిన రహస్య మేమియు లేదు. ఒక కోత యంత్రము, మందమును కొలుచు కాలిపర్స్ అను సాధనము, కొలిచినది వ్రాయు పుస్తకము, ఆ పుస్తకమును నమ్మదగినదిగా ఉంచు మనిషి కావలెను. బండ అదే, గని అదే. కాని చీల్చినవాని చేతనుండి నేరుగా లారీ ఎక్కిన బండకును, కొలత పట్టీతో పెట్టెలో కూర్చున్న బండకును మధ్య గల విలువలో అధిక భాగము ఈ కొలుచువారికి, వ్రాయువారికి, అమ్మువారికి చేరుచున్నది. వారు మన మండలమువారు కావలసిన అవసరము లేదు. అనేక పర్యాయములు కారు కూడ.

కొనువారు మరియొక ప్రశ్న కూడ నేడు అడుగుచున్నారు. ఈ రాతిని తీసినవారిలో పిల్లలున్నారా, పనివారికి ధూళినుండి రక్షణ యున్నదా యని. మనవారిలో కొందరు దీనిని తెల్లవారి ఎత్తుగడ యని కొట్టివేయుదురు. అందు వర్తకపు టెత్తుగడ కొంత ఉండవచ్చును. అయినను బడిలో ఉండవలసిన పిల్లవాడు గనిలో నుండుట ఎవరు అడిగినను తప్పే. నా దృష్టిలో ఈ ప్రశ్న వారికంటె ముందుగా మనమే అడిగియుండవలసినది.

ఇప్పుడు మన బండకు వచ్చిన పెద్ద కష్టమును చెప్పెదను. 2000వ సంవత్సరమున స్పెయిన్ దేశపు కాస్తెయోన్ ప్రాంతమున, సిరా చుక్కలను చిమ్మి పింగాణీ పలకలపై బొమ్మలు అచ్చు వేయు యంత్రము వెలువడెను. ఇంటింటి కంప్యూటరు ప్రక్కన నుండు అచ్చుయంత్రమునకు ఇది అన్నవంటిది. తరువాతి దశాబ్దమున గుజరాతు రాష్ట్రపు మోర్బీ పట్టణమువారు ఆ యంత్రములను తెచ్చుకొనిరి. మోర్బీ పూర్వము ఇంటికప్పు పెంకులకును, గోడ గడియారములకును పేరొందినది. నేడు భారతదేశమున తయారగు టైల్సులో అత్యధిక భాగము అచ్చటిదే. వారు ఆ పలకలపై ఏ బొమ్మ అచ్చు వేయుచున్నారో చూచితిరా? పాలరాతి బొమ్మ, గ్రానైటు బొమ్మ, సున్నపురాతి బొమ్మ! రాతి బొమ్మ వచ్చి రాతిని అంగడినుండి నెట్టివేయుచున్నది. హైదరాబాదులో నేడు కట్టు ఇండ్లకు పోయి చూడుడు. తాతగారి కాలపు షాబాదు బండలు నలుబదేండ్లు అరుగక నున్న ఇంటి ప్రక్కనే, ఆ బండ రంగును అనుకరించు పలకలు పరచుచున్నారు.

మోర్బీవారు మనకన్న తెలివిగలవారని నేను అనను. వారికి గని కూడ మనవంటిది లేదు. పలకకు కావలసిన మన్నును, ఖనిజములను పలు చోట్లనుండి తెప్పించుకొందురు. కాని ఒక కార్ఖానాలో పనిచేసినవాడు రెండవ కార్ఖానా పెట్టుట, మరమ్మతు చేయువాడు, అచ్చు నమూనా గీయువాడు, రంగు కలుపువాడు అందరును ఒకే పట్టణమున దొరకుట అచ్చట జరిగినది. ఒక యంత్రము చెడినచో బాగుచేయువాడు సాయంకాలములోపల వచ్చును. ఒక చోట ఇట్లు చేరిన పనివారి నేర్పు ఏ గనికిని తీసిపోదు.

కరీంనగరు గ్రానైటు కథ దీనికి తోబుట్టువు. అచ్చటి గుట్టలనుండి గోధుమ రంగు గ్రానైటు దిమ్మెలు పెద్ద పెద్దవిగా కోయబడి, రైలుమీద కాకినాడ రేవునకును అచ్చటినుండి చీనాకును పోవుట మీరు పత్రికలలో చదివియుందురు. చీనాలో ఫుజియాన్ రాష్ట్రపు ష్వైతౌ అను పట్టణమున ఆ దిమ్మెలను పలకలుగా కోసి, నునుపు చేసి, వంటయింటి అరుగులుగను స్మారక శిలలుగను దేశదేశములకు అమ్ముదురు. గుట్ట మనది, గుంట మనది, దుమ్ము మనది, నునుపు వారిది. అయితే దీనికి నైపుణ్యలోప మొక్కటే కారణమనుట సరికాదు. కోత యంత్రములకు పెట్టుబడి, విద్యుచ్ఛక్తి, ఓడ కిరాయి, వడ్డీరేటు ఇవి అన్నియు కలిసి ఈ స్థితిని కల్పించినవి. నైపుణ్యము ఒక్కటే అన్నియు చేయుననువారి మాటలను కొంచెము తగ్గించి వినవలెను. కాని మిగిలినవన్నియు సమకూరిన నాడు నైపుణ్యము సిద్ధముగా లేకపోయినచో ఆ యంత్రము పొరుగు రాష్ట్రపు కుర్రవానిని వెంటబెట్టుకొని వచ్చును.

ఇటలీలోని కర్రారా పాలరాతి గనులు రోమనుల కాలమునుండి నడచుచున్నవి. వారు తమ రాతిని అమ్ముకొని ఊరకుండలేదు. వజ్రపు పూసలు గ్రుచ్చిన తీగతో కొండను కోయు పద్ధతి 1970వ దశకము చివర ఆ గనులలో వాడుకకు వచ్చి లోకమంతట వ్యాపించినది. నేడు ఇటలీ రాతికోత యంత్రములు మన దేశమునకు కూడ దిగుమతి యగుచున్నవి. అనగా కొండ తరిగినను వారికి జీవనోపాధి తరుగదు. ఇతరుల కొండలను కోయు యంత్రము వారి చేతిలో నున్నది.

ఆసియాలో కంప్యూటరులు తయారుచేయు ఏసర్ సంస్థను స్థాపించిన స్టాన్ షీ అను తైవాను దేశీయుడు 1992 ప్రాంతమున దీనినంతయు ఒక గీతగా గీచి చూపెను. గొలుసు మొదట నున్న పరిశోధనకును, చివరనున్న పేరుకును, అమ్మకమునకును విలువ ఎక్కువ. నడుమనున్న కేవల తయారీకి తక్కువ. ఆ గీతను వారు చిరునవ్వు అనిరి. మన తల్లులకు చెప్పవలెనన్న గుడ్డ ఊయెల వలె నుండును: రెండు కొసలు పైకి, నడుమ పల్లము. పల్లములో నిదురపోవువాడు పసివాడు. అతనికి ఊయెల ఊపువారి చేతులు కనబడవు.

బండ సంగతి చాలును. మన కంది సంగతికి వచ్చెదను. ఇందు ఆడవారికి నాకంటె ఎక్కువ తెలియును. తప్పు పలికినచో దిద్దుడు.

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. దరఖాస్తు చేసినది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. ఏ ఢిల్లీ సంస్థయో కాక మన ప్రక్క మండలపు రైతులే ఆ పని చేసిరని గుర్తుంచుకొనవలెను. ఈ నల్లరేగడిలో గల అట్టపుల్గైట్ అను ప్రత్యేకమైన బంకమన్నును, సున్నపురాతి పొరలును కందికి రుచిని ఇచ్చుచున్నవని ఆ దరఖాస్తులో వివరించిరి. త్వరగా ఉడుకును, నిలువ యుండును అనునవి మన ఇండ్లలో తరతరములుగా తెలిసినవే. క్రొత్తగా జరిగిన దేమనగా తెలిసినదానిని కాగితముపై నిరూపించుట. నిరూపించుట కూడ ఒక నైపుణ్యమే.

అయితే గుర్తింపుపత్రము గోడకు తగిలించినంతమాత్రమున గంజ్‌లో క్వింటాలు వెల పెరుగదు. కంది వెల ఎచ్చట నిర్ణయమగుచున్నదో చూడుడు. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు దాటెను. 2016 జూలైలో భారత ప్రభుత్వము ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశముతో కంది దిగుమతికి దీర్ఘకాలపు ఒడంబడిక చేసికొనెను. ఆ దేశమువారు కందిని మనవలె నిత్యము తినువారు కారు; అధిక భాగము మన కొరకే పండింతురు. ఆ సంవత్సరము వర్షములును బాగుండెను, వెల చూచి మన రైతులును విరివిగా కంది వేసిరి. దేశమున 2015–16లో సుమారు 25 లక్షల టన్నులు పండిన కంది 2016–17లో 48 లక్షల టన్నులను దాటెను. కనీస మద్దతు ధర క్వింటాలునకు 5,050 రూపాయలుండగా గంజ్‌లలో అంతకన్న తక్కువకు అమ్ముకొనవలసి వచ్చెను. 2017 ఆగస్టులో దిగుమతులకు పరిమితి పెట్టిరి. 2021 మే నెలలో మరల తలుపులు తెరచిరి. యాలాలలో రైతు విత్తునపుడు మొజాంబిక్‌లో రైతు కూడ తన వెలలో వాటాదారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

ఇంకొక సంగతి మీలో కొందరికి ఆశ్చర్యము కలిగింపవచ్చును. 2006 జూన్ నుండి 2017 సెప్టెంబరు వరకు, అనగా పదునొకండు ఏండ్లు, మన దేశమునుండి కందిపప్పు ఎగుమతికి సాధారణముగా అనుమతి లేదు. సరిగా ఆ ఏండ్లలోనే తెలుగుబిడ్డలు వేలకొలది అమెరికాకు చదువులకును, ఉద్యోగములకును పోయిరి. వారు ప్రతిదినము పప్పు వండుకొనిరి. ఆ పప్పు అచ్చటి భారతీయ అంగళ్లలో దొరకినది. 1974లో చికాగోలో ఒక గుజరాతీ కుటుంబము తెరచిన పటేల్ బ్రదర్స్ అంగడి అందు ప్రసిద్ధము. ఆ పొట్లముపై ఏ నేల కందియో వ్రాసియుండదు. అంగడివాని పేరే యుండును. ఊయెల కొస యనగా ఇదియే. కందిని పండించినవానికి పేరు లేదు, పొట్లము కట్టినవానికి కలదు. మన గుర్తింపుపత్రము ఆ పొట్లముమీదికి ఎక్కిననాడు దానికి నిజమైన ప్రయోజనము.

ఎక్కవలెనన్న ఏమి కావలెను? చేనినుండి పొట్లమువరకు ప్రతి మజిలీకి చీటీ యుండవలెను. ఏ ఊరి కంది, ఏ నాడు కోసినది, తేమ ఎంత. ప్రభుత్వ కొనుగోలు కేంద్రమునకు తీసికొనిపోయినపుడు తేమ నూటికి 12 పాళ్లకు మించరాదని బస్తాలను త్రిప్పి పంపుట మీ అనుభవములో నున్నదే. ఇంటివద్దనే తేమ కొలుచు చిన్న యంత్రము వాడుట తెలిసిన అమ్మాయి యొకతె ఊరిలో ఉన్నచో బండి కిరాయి మిగులును, అడ్తిదారు ఎదుట బ్రతిమాలుకొను అవస్థ తప్పును.

పప్పు పట్టుట కూడ పెద్ద విద్య. కందిగింజకు పొట్టు జిగురుతో అంటుకొని యుండును. మన అమ్మమ్మలు ఎర్రమన్ను కట్టి, నీట తడిపి, ఎండబెట్టి తిరగలిలో విసరెడివారు. మరలలో నూనె పట్టించి ఎండబెట్టుదురు. పాత పద్ధతిలో నూరు కిలోల కందులకు 68 నుండి 75 కిలోలవరకు పప్పు దిగును. తక్కినది పొట్టు, నూక. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనాలయము వేడిగాలితో గింజను పదును చేయు పద్ధతిని రూపొందించినది. ఆ పద్ధతిలో పప్పు 80 కిలోలకు చేరువగా వచ్చును, ఎండకొరకు మబ్బువైపు చూచుచు కూర్చుండు పనియు లేదు. నూటికి అయిదు కిలోల పప్పు నూకలో పోవుచున్నదన్న అది ఎంత ధనమో లెక్క కట్టుడు. నూకను పశువులు తినును. పశువులకు తినిపించుటకు నాకు అభ్యంతరము లేదు గాని, పప్పు వెలకు కాదు.

విత్తనము విషయములో మనము పై మెట్టునకు మిక్కిలి చేరువలో నున్నాము. మన ప్రక్కనే పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాలయము వెలసినది. ఎండు తెగులును తట్టుకొను మారుతి రకము 1985లోను, ఎండు తెగులుతోపాటు వెర్రి తెగులును కూడ ఓర్చు ఆశ రకము 1993లోను విడుదలైనవి. ఆ ఆశ రకపు కంది జన్యువుల సంపూర్ణ పట్టికను ఇక్రిశాట్ నాయకత్వమున శాస్త్రజ్ఞులు 2011లో లోకమునకు ప్రకటించిరి. తాండూరులోనే వ్యవసాయ పరిశోధనస్థానము కలదు. లోకమున కందిని గూర్చి అత్యధికముగా తెలిసినవారు మన చేలకు కొన్ని గంటల ప్రయాణములో నున్నారు. వారికి మన చేలు తెలియును. మన పిల్లలలో ఎందరికి వారి ప్రయోగశాల తెలియును?

నేర్చిన పనివారు ఎట్లు ఒక ఊరి తలవ్రాతను మార్చుదురో చెప్పుటకు హైదరాబాదు మందుల పరిశ్రమను మించిన ఉదాహరణము తెలుగునాట లేదు. 1960వ దశకమున సోవియట్ సహాయముతో బాలానగరులో ఐ.డి.పి.ఎల్. వారి మందుల కర్మాగారము వెలసెను. 1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలులోనికి వచ్చినది. మందునకు గాక, దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే హక్కు నిచ్చునట్టిది ఆ చట్టము. ఆ రోజులలో క్రొత్త పద్ధతి కనిపెట్టినవాడు అదే మందును తయారుచేయగలిగెడివాడు. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చినవారు అనేకులు బయటికి వచ్చి చిన్న చిన్న కార్ఖానాలు పెట్టిరి. 1969 నుండి 1975 వరకు అందు పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. 2001లో ఆ సంస్థ వాటాలు న్యూయార్కు విపణిలో చేరినవి. పెద్ద కర్మాగారము తరువాతి కాలమున ఉత్పత్తి నిలిపివేసినను, అది తయారుచేసిన మనుష్యులు నిలిచిరి. పటాన్‌చెరు ప్రక్క నక్కవాగు నీరు ఆ పరిశ్రమలవలననే విషమైనదన్న సంగతిని కూడ దాచరాదు. ఆ లెక్క గొలుసులో ఎవరును వ్రాయలేదు. ఒడ్డునున్న రైతులు చెల్లించిరి.

మన దేశమున శిక్షణ పొందిన పనివారు ఎందరు? 2015 నాటి జాతీయ నైపుణ్య విధానపత్రము ప్రకారము నియత శిక్షణ పొందినవారు పనివారిలో నూటికి 4.69. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. ఈ అంకెలను చూచి సిగ్గుపడవలెనని ఉపన్యాసకులు సాధారణముగా చెప్పుదురు. నాకు మరియొకటి తోచుచున్నది. మన 4.69లో, చెవితో బండ నెఱ్ఱెను పట్టువాడు లేడు. ఎర్రమన్ను పదును తెలిసిన ముసలమ్మ లేదు. వారిచేతిలో పత్రము లేదు కనుక లెక్కలో లేరు. జర్మనీలో పని నేర్చుకొను కుర్రవాడు వారములో కొన్ని దినములు పనిచోటను, కొన్ని దినములు పాఠశాలలోను గడపును. చివర పరీక్ష యుండును. మనకును 1950 నుండి ఐ.టి.ఐ.లు, 1961 నుండి అప్రెంటిసుల చట్టము కలవు. కాని ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను చదివిన మన కుర్రవాడు హైదరాబాదు బండి ఎక్కుచున్నాడు. గనిలో నేర్చినవాడు జీవితాంతము గనిలోనే యున్నాడు. ఈ యిద్దరును ఒకే ఇంటి అన్నదమ్ములైనను ఒకరి విద్య ఒకరికి అందుట లేదు. కోత యంత్రము నడుపుటకు ఎలక్ట్రీషియను విద్యయు, బండ చెవియు రెండును కావలెను.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని యున్నది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినపుడు శాస్త్రములను తెలుగున వ్రాయించుట ముఖ్యోద్దేశముగా పెట్టుకొనిరి. వట్టికోట ఆళ్వారుస్వామిగారు పుస్తకములను స్వయముగా మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. ఆనాటి పెద్దలకు చేయుటకు ఎంతో పని యుండెను. మనకు మిగిలిన పని చిన్నది. భారతీయ ప్రమాణముల సంస్థ సున్నపురాతి బండలకు ప్రత్యేకముగా ఐ.ఎస్. 1128 అను ప్రమాణమును వెలువరించినది. బండ కొలతలు, నీరు పీల్చుట, బలము మున్నగునవి అందు కలవు. పప్పుదినుసులను తరగతులుగా విభజించుటకు ఆగ్‌మార్క్ నియమములు కలవు. కాని తాండూరు బండ చీల్చువానికి ఐ.ఎస్. 1128ని తెలుగున చదివి వినిపించినవారు నాకు ఇంతవరకు కనబడలేదు.

కావున కార్యదర్శిగారికి నా కోరిక యొకటి కలదు. ఆ ప్రమాణమును తెప్పించుడు. ఆదివారము సాయంకాలము ఈ మంటపములో బడిపంతులుగారు ఒకరు, బండ చీల్చువారు ఇరువురు, పాలిష్ యంత్రము నడుపువారు ఒకరు కూర్చుండుడు. పంతులుగారు చదువుదురు, గనివారు దానికి తెలుగుమాట చెప్పుదురు. పొరకు, నెఱ్ఱెకు, పరుపుకు, అంచుకు కావలసిన మాటలన్నియు వారి నోటనే యున్నవి. నిఘంటువులో వెదుక నక్కరలేదు. అది పూర్తియైన పిమ్మట కంది తరగతుల పని ఆడవారు చేపట్టుదురు. ఒక కాలిపర్స్, తేమ కొలుచు యంత్ర మొకటి కొని పుస్తకములతోపాటు చందాదారులకు ఎరువిచ్చుట మొదలుపెట్టుడు. పుస్తకము తిరిగి ఇయ్యని వారికి జరిమానా ఎంత యో నాకు తెలియదు గాని, కాలిపర్స్ తిరిగి ఇయ్యని వారికి రెట్టింపు వేయుడు.

బీరువాలో క్రింది అర ఖాళీగా నున్నదని ఇందాక కార్యదర్శిగారు చూపిరి. కాలిపర్స్ ఖర్చు నేను భరించెదను. తేమ యంత్రపు ఖర్చు విషయమున రైతు సంఘమువారు ఈ సభ ముగియులోపల ఒక మాట చెప్పవలెనని కోరుచున్నాను.